సమస్యాపూరణం: చంపువాఁడె జనుల సాకువాఁడు

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాం, మిగతా మూడూ మీరు పూరించాలి. అయిదూ సూర్యగణాలు (గురువు, లఘువు లేదా మూడు లఘువులు), చ–సా యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు). సందర్భం 'రోబో' (2010) సినిమాలో చిట్టి, అంటే బోరా అనే శాస్త్రవేత్త ఎర్రచిప్పు పెట్టి హంతకుణ్ణి చేసిన రోబో. ఫ్యాన్ ఫిక్షన్‌లో (సినిమా మీద అభిమానులు అల్లే కథలో) వాణ్ణి మారిన మనిషిని చెయ్యాలి. పద్యం ఒక్కటే చాలదు, కథలో అదెలా నడుస్తుందో కూడా చెప్పండి.

నాగావళి (రాయగడ):
ఎఱ్ఱ చిప్పు తీయ నెంతయు మారెను
బుద్ధి తిరిగి వచ్చెఁ బొలుపు మీఱ
కూల్చు చేయి నేడు కొంపలు నిలిపెను
చంపువాఁడె జనుల సాకువాఁడు

మహేంద్రతనయ (పర్లాకిమిడి): గణాలు, యతులు సరేనండి. "పొలుపు మీఱ" పాదం నింపడానికి వచ్చిందంతే. అసలు చిక్కు కథలో ఉంది. చిప్పు తీయడం సినిమాలోనే అయిపోయింది. తీసింది వాణ్ణి తయారుచేసిన వశీకరణ్, చిట్టి కాదు. నేరమంతా చిప్పు నెత్తిన రుద్దితే వాడు పశ్చాత్తాపపడడానికి ఏం మిగిలింది? చిప్పుకి ముందు చూడండి. వశీకరణ్ ప్రేమించిన సనని ఆశించినవాడు, సైన్యం ముందు పరీక్ష చెడగొట్టినవాడు పాత చిట్టే. ఆ అసూయ బోరా పెట్టింది కాదు. అక్కణ్ణుంచి అల్లుకు రండి.

నాగావళి: చిప్పు ఉంచేస్తే వాడు మాట వింటాడంటారా?

ప్రాణహిత (సిరొంచ): ఉంచే రాయాలె.
తనదు శక్తినెల్ల దవఖాన కిచ్చెను
చిప్పు తలనె యుండఁ జెయ్యి వణక
ఒరిగిపడుచు నైన నోర్వుమం చడుగఁడు
చంపువాఁడె జనుల సాకువాఁడు
ఒక్కసారే త్యాగం పెడితే ఎవరూ నమ్మరు. మొదట చిప్పు కొట్టమన్నప్పుడు చెయ్యి రెప్పపాటు ఆగాలె, అంతే. తర్వాతి ప్రకరణంల గురి తప్పించాలె. చార్జి ఒదులుకునుడు ఆఖరికి. చార్జి పోతే వాడు కదలడు గాబట్టి నష్టం నిజంగ కనపడ్తది.

మహేంద్రతనయ: "చెయ్యి వణక" దగ్గర పద్యం లేచింది. క్షమాపణ అడిగించకపోవడం మరీ బావుంది. కానీ ఒక్క పూట కరెంటిస్తే సాకినట్టా? సాకడం రోజూ చేసే పని. పైగా వాడు ఒరిగిపోతే ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు, రాసేవాళ్లకి అది సుఖమైన దారి.

వంశధార (గుణుపురం): అయితే ఇది చూడండి.
తల్లిఁ జంపె నతఁడె, తనయుఁ బెంచెను నేడు
పిల్లవాఁడు నవ్వి పిలువఁడతని
కూడు పెట్టి తాను దూరాన నిలుచును
చంపువాఁడె జనుల సాకువాఁడు

ప్రాణహిత: మూడో పాదంల కూ–దూ యతి పడలె. ప్రాసయతి (రెండో అక్షరాల పొత్తు) అందామంటే డ–ర కుదరదు. "కూడు పెట్టి తాను గోడకు నొరగును" అనుండ్రి, కూ–గో సరిపోతది. దూరం కన్న గోడ కండ్లకు కడ్తది కూడా.

వంశధార: గోడే ఉంచుతానండి. తల్లి కోసం కొత్త దాడి కల్పించక్కర్లేదు. సనని పెళ్లిమండపం నుంచి ఎత్తుకుపోయినప్పటి తరుములాటలో బోలెడుమంది పోలీసులు పోతారు, పేర్లుండవు. వాళ్లలో ఒకామెకి ఓ ఇల్లు, ఓ కొడుకుని ఇస్తే చాలు. పిల్లాడి చేత "క్షమించాను" అనిపించకూడదు, అనిపిస్తే పద్యం రెండో పాదమే అబద్ధమైపోతుంది.

మహేంద్రతనయ: పూరణ ఇదేనండి, "జనుల" ఒక్కటీ వదులుగా ఉంది. పెంచింది ఒక్క పిల్లాణ్ణే కదా. కథలో అలా పోయినవాళ్ల ఇళ్లు ఇంకో రెండు చూపించండి. ఇంకోటి, సినిమాలో కోర్టు విప్పెయ్యమంటుంది, చిట్టి తన భాగాలు తనే విప్పుకుంటాడు. మీ కథ ఆ తీర్పు దగ్గరే పాయ తీయాలి. శిక్ష ఎందుకు మారిందో జడ్జి నోట ఒక్క వాక్యమైనా పడాలి, పైన 'ఆల్టర్నేట్ యూనివర్స్' (అసలు కథ నుంచి పక్కకి మళ్లిందని చెప్పే) ట్యాగు ఉండాలి. లేదంటే విప్పేసినవాడు కూడెలా వండాడని మొదటి వ్యాఖ్యలోనే పట్టుకుంటారు.