అపార్టుమెంటు తోట పనివాళ్ల భద్రత: కాంట్రాక్టరుకు ఏ షరతులు పెట్టాలి?

ప్రశ్న | సంఘం కార్యదర్శి, హైదరాబాదు

మాది నగరానికి పడమట ఉన్న గేటెడ్ కమ్యూనిటీ. విశాలమైన పచ్చిక, ప్రహరీ వెంట కొబ్బరి, కానుగ చెట్లు, నడకదారుల పక్కన కత్తిరించి పెంచే కంచె మొక్కలు ఉన్నాయి. ఈ పనంతా ఒక కాంట్రాక్టరుకు అప్పగించాం. ఆయన తరఫున పదకొండు మంది ఇక్కడ పనిచేస్తున్నారు.

గత నెలలో బ్రష్ కట్టర్‌తో గడ్డి కోస్తుండగా కంకర రాయి ఎగిరి, ఒక పనివాడి కంటి కింద తగిలి గాయమైంది. అదృష్టం కొద్దీ కన్ను దక్కింది. కాంట్రాక్టరును అడిగితే, కళ్లద్దాలు, చేతి తొడుగులు, మాస్కులు అన్నీ కొనిచ్చామని, వాళ్లే పెట్టుకోవడం లేదని చెప్పి, స్టోర్ రూములో కవరు కూడా విప్పని పెట్టెలను చూపించారు. పనివాళ్లేమో ఉక్కపోతకు అద్దాలు మసకబారి ఎదుట ఏముందో కనిపించడం లేదంటున్నారు. పురుగుమందు కొట్టే అబ్బాయి ముఖానికి తువ్వాలు చుట్టుకుని, వట్టి కాళ్లతో తిరుగుతున్నాడు. వచ్చే నెల ఒప్పందాన్ని పునరుద్ధరించాలి. కాగితం మీద మిగిలిపోకుండా నిజంగా అమలయ్యే షరతులు ఏమిటో, ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిదో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 | పరిశ్రమల భద్రతాధికారి, విశాఖపట్నం

అద్దాలు, తొడుగులు చివరి అడ్డుగోడ మాత్రమే. ప్రమాదాన్ని ముందు పనిలోంచే తీసేయాలి, తీసేయలేని దాన్ని తగ్గించాలి, అప్పటికీ మిగిలిన దానికే రక్షణ సామగ్రి. మీ కాంట్రాక్టరు ఈ వరుసను తలకిందులు చేసి, సామగ్రి కొనడంతోనే తన పని అయిపోయిందనుకుంటున్నారు.

ఆ కంకర రాయి సంగతే తీసుకోండి. మిషను మొదలుపెట్టే ముందు ఒక మనిషి ఆ చోటంతా నడిచి రాళ్లు, సీసా పెంకులు, తీగ ముక్కలు ఏరేస్తే ఎగరడానికి రాయే ఉండదు. నడకదారి అంచుల్లోనూ గోడ వారగానూ ఇనుప బ్లేడు వాడనివ్వకండి, అక్కడ నైలాన్ తాడు సరిపోతుంది. మిషను కింది గార్డు ఉందో లేదో స్వయంగా చూడండి. తాడు ఇంకాస్త పొడవుగా తిరిగితే పని త్వరగా తెములుతుందని చాలామంది దాన్ని విప్పేస్తారు. విప్పితే రాయి నేరుగా మనిషి మీదికే వస్తుంది. కోసేవాడికి 15 మీటర్ల లోపు పిల్లలు గానీ, నడిచేవారు గానీ, తోటి పనివాళ్లు గానీ ఉండకూడదు. గడ్డి చుట్టుకుంటే ఇంజను ఆపి, ప్లగ్ క్యాప్ తీసిన తరువాతే చెయ్యి పెట్టాలి. వేడి ఇంజనులో పెట్రోలు పోయకూడదు.

అద్దాలు మసకబారుతున్నాయన్న మాట నిజమే. ముఖానికి గట్టిగా తువ్వాలు కట్టుకుంటే వదిలిన ఊపిరంతా పైకి తన్ని అద్దాల మీద ఆవిరి పడుతుంది. గాలి రంధ్రాలున్న, మసకబారని పూత ఉన్న అద్దాలు, వాటి మీద జాలీ ముసుగు ఇప్పించి, ఎవరికి ఏది నప్పుతుందో పెట్టి చూపించి తీసుకోమనండి. చెవులను కూడా మరచిపోకండి. 85 డెసిబెల్స్ శబ్దంలో 8 గంటలు ఉండవచ్చని, ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి పడిపోతుందని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సిఫారసు. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది 15 నిమిషాలే, పెట్రోలు బ్రష్ కట్టర్ శబ్దం దాదాపు అంత ఉంటుంది. మిషను అదురు వల్ల చేతుల వణుకు, వేళ్ల తిమ్మిరి కూడా మొదలవుతాయి కనుక, ఒకే మనిషి చేత రోజంతా కోయించకుండా గంటకొకరిని మార్చాలి.

ఇక బాధ్యత సంగతి. కాంట్రాక్టరు దగ్గర పది మందికి మించి ఉన్నారు కనుక, నెలకు రూ.21,000 లోపు జీతం ఉన్న ప్రతి ఒక్కరికీ ఈఎస్ఐ (కార్మిక రాజ్య బీమా) ఉండాలి. యజమాని వాటా 3.25 శాతం, పనివాడి వాటా 0.75 శాతం. పనిలో గాయపడి సెలవులో ఉన్నవారికి వచ్చే భృతికి ఇన్నాళ్లు చందా కట్టి ఉండాలన్న నిబంధన లేదు. ప్రతి నెలా బిల్లుతో పాటు పేర్లున్న ఈఎస్ఐ చలానా జత చేస్తేనే చెల్లింపు అని ఒప్పందంలో రాయండి. నా అనుభవంలో అన్ని షరతుల కన్నా ముందు అమలయ్యేది ఇదే.

జవాబు 2 | విశ్రాంత ఉద్యాన అధికారి, కడప

పై జవాబుతో ఏకీభవిస్తూ, పురుగుమందుల గురించి మాత్రం చెబుతాను. డబ్బా మీద వజ్రాకారపు గుర్తులో కింది సగం ఎరుపైతే అత్యంత విషపూరితం. ఆ తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ వరుసగా తగ్గుతూ వస్తాయి. జనం నివసించే ఆవరణలో ఎరుపు, పసుపు గుర్తుల మందులు వాడరాదని ఒప్పందంలో రాయించండి. అలంకరణ మొక్కలకు వాటితో అసలు పనే లేదు. మందారానికి పిండినల్లి పడితే, పట్టిన కొమ్మలు కత్తిరించి, మిగిలిన చెట్టును పైపు నీటి ధారతో కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేప నూనె, కొద్దిగా సబ్బు కలిపి కొడితే చాలా వరకు తగ్గుతుంది. పురుగు కనిపించినా కనిపించకపోయినా నెలకోసారి మందు కొట్టే అలవాటును మాన్పించండి, సగం ప్రమాదం అక్కడే తప్పుతుంది.

తువ్వాలు రక్షణ కానే కాదు. అది మందు తుంపరలను పీల్చుకుని, ఆ తడిని ముక్కుకూ నోటికీ ఆనించి ఉంచుతుంది. మందు ఒంట్లోకి పోయే ముఖ్యమైన దారి చర్మమే కనుక, మందు కలిపేటప్పుడు నైట్రైల్ తొడుగులు, కాళ్లకు గమ్‌బూట్లు, ఒళ్లంతా కప్పే చొక్కా, ప్యాంటు తప్పనిసరి. గాలికి ఎదురుగా కొట్టకూడదు, మూసుకుపోయిన నాజిల్‌ను నోటితో ఊదకూడదు.

క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి మందులు సోకితే నోట నురుగు, విపరీతమైన చెమట, వాంతులు, కంటి పాప సూది మొనలా చిన్నదవడం, కండరాలు అదరడం కనిపిస్తాయి. వీటికి అట్రోపిన్ అనే విరుగుడు ఉంది. పారాక్వాట్ కలుపుమందుకు విరుగుడే లేదు. దాన్ని మీ గేటు లోపలికి రానివ్వకండి. బాధితుడిని ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు మందు డబ్బాను కూడా వెంట తీసుకెళ్లండి, వైద్యం ఆ పేరును బట్టే నడుస్తుంది.

జవాబు 3 | తోట పనుల మేస్త్రీ, రంగారెడ్డి జిల్లా

పెద్దలు చెప్పినవన్నీ సరైనవే. అయితే పనివాళ్లు అద్దాలు తీసేయడానికి ఉక్కపోత ఒక్కటే కారణం కాదండి. సాయంత్రానికి ఇంత మేర కోయాలని లెక్క కట్టి పురమాయిస్తే, రాళ్లు ఏరడానికీ, అద్దాలు తుడుచుకోవడానికీ ఎవరూ ఆగరు. మేర లెక్క తీసేయండి.

వేసవిలో పని వేళలు మార్చండి. ఉదయం ఆరుకు మొదలుపెట్టి పదకొండింటికి ఆపి, మళ్లీ నాలుగు తరువాత చేయవచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మరణిస్తే కుటుంబానికి రూ.4 లక్షలు ప్రకటించింది. అది ప్రాణం పోయాక వచ్చే డబ్బు. మనిషి తడబడుతూ మాట్లాడినా, పొంతన లేని మాటలన్నా నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసురుతూ 108కి ఫోన్ చేయాలి. తాగునీరు, ఓఆర్ఎస్ పెట్టడం అందరూ చేస్తారు. కానీ మా ఆడవాళ్లు చాలా చోట్ల నీళ్లు తాగరు. తాగితే మరుగుదొడ్డికి వెళ్లాలి, క్లబ్ హౌసులోకి వాళ్లను రానివ్వరు. దయచేసి మరుగుదొడ్డి సంగతి మీ ఒప్పందంలో మొదటి షరతుగా రాయండి.

వయ్యారిభామ కలుపు మొక్క గురించి ఎవరూ ప్రస్తావించలేదు. ఖాళీ ప్లాట్లలో దాన్ని వట్టి చేతులతో పీకిన వాళ్లకు మెడ, కనురెప్పలు, మోచేతి మడతలు ఎర్రబడి దద్దుర్లు వస్తాయి, కొందరికి ఆయాసం కూడా పట్టుకుంటుంది. ఒకసారి పడకపోవడం మొదలైతే మళ్లీ ఆ మొక్క దగ్గరికి పోలేరు. వాన పడి నేల మెత్తబడ్డాక, పూత రాకముందే, తొడుగులు వేసుకుని వేళ్లతో సహా పీకించాలి. మిషనుతో కోస్తే ఆ తునకలు, పుప్పొడి గాలిలో లేచి ముఖం మీద పడతాయి.

ప్రశ్నించినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఈఎస్ఐ చలానా, మరుగుదొడ్డి, మేర లెక్క రద్దు, ఈ మూడింటినీ ముసాయిదాలో చేర్చాను. ఇంకొక సందేహం. ప్రహరీ పక్కనే విద్యుత్ తీగలు పోతున్నాయి, కొబ్బరి మట్టలు వాటికి తగులుతున్నాయి. ఇనుప పైపుకు కొడవలి కట్టి కోస్తున్నారు. వర్షాకాలంలో పాములూ కనిపిస్తున్నాయి.

జవాబు 4 | విద్యుత్ లైన్ ఇన్‌స్పెక్టర్, నల్గొండ

ఆ పైపు పనిని ఈరోజే ఆపించండి. పచ్చి మట్ట కూడా కరెంటును మోస్తుంది, ఇనుప పైపు తీగకు తగలనక్కర లేకుండా మట్ట తగిలినా చాలు. 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించి, లైన్ ఆపి, ఎర్త్ చేశామని మా సిబ్బంది చెప్పిన తరువాతే మట్టలు కోయాలి. అల్యూమినియం నిచ్చెన కూడా అక్కడ వాడకూడదు. తెగిన తీగ కింద పడితే ఎవరినీ దగ్గరికి పోనివ్వకండి.

జవాబు 5 | తోట పనుల మేస్త్రీ, రంగారెడ్డి జిల్లా

పాముల విషయంలో, ఆకుల కుప్పను చేత్తో ఎత్తకూడదు, పారతోనో పంజాతోనో కదిలించాలి. రక్తపింజర ఎండుటాకుల రంగులో కలిసిపోయి కదలకుండా పడుకుంటుంది. కాటు పడితే తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చేయకుండా, ఆ కాలు కదలకుండా కర్రతో కట్టి, మనిషిని నడిపించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. విరుగుడు మందు దగ్గరలో ఏ ఆసుపత్రిలో నిల్వ ఉందో వానలు మొదలయ్యే ముందే కనుక్కుని, ఆ పేరును, 108, 1912 నంబర్లను స్టోర్ రూము తలుపు మీద పెద్ద అక్షరాలతో రాయించండి. మా వాళ్లలో చదువు రానివాళ్లు ఉంటారు కనుక నోటితో కూడా చెప్పించండి.