రాత్రి ఎనిమిది గంటలు పడుకున్నా పగలు కునుకు ఆగడం లేదు, డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి):
అందరికీ నమస్కారం. నాకు 43 ఏళ్లు, ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. రాత్రి పదింటికి పడుకుని ఆరింటికి లేస్తాను, మధ్యలో మెలకువ వచ్చినట్టు కూడా గుర్తుండదు. అయినా పొద్దున పదకొండు కాకముందే కళ్లు మూతపడతాయి. మొదట ఎండల వల్ల అనుకున్నాను, తరువాత వడ్ల సీజను అలసట అనుకున్నాను, కాని సీజను ముగిసి రెండు నెలలైనా మార్పు లేదు. మొన్న బండి మీద నల్లగొండకు వెళ్తుండగా తిప్పర్తి దాటాక ఒక్క క్షణం ఏమైందో తెలియలేదు. కళ్లు తెరిచేసరికి బండి రోడ్డు దిగి మట్టిలో ఉంది. ఇంట్లో ఈ మాట చెప్పలేదు. షుగరు పరీక్ష చేయిస్తే మామూలుగానే వచ్చింది. నిద్ర వస్తోందని డాక్టరు దగ్గరికి పోతే ఇదీ ఒక జబ్బేనా అంటారేమోనని సంకోచంగా ఉంది. ఇంకా ఎన్నాళ్లు చూడవచ్చు?

సమాధానం (మహబూబ్‌నగర్ నుంచి):
అన్నా, ఇంకొక్క రోజు కూడా చూడవద్దు. బండి మీద కునుకు పడిన తరువాత ఇక ఎదురుచూడడానికి ఏమీ లేదు. డాక్టరు చూసేదాకా బండి నడపకండి, ఇంట్లో ఈ రోజే చెప్పండి.

మా ఆయన లారీ నడిపేవారు. ఆయన గురకకు పక్కింటివాళ్లు కూడా నవ్వేవారు, గట్టిగా గురక పెడితే గాఢంగా నిద్రపోతున్నట్టేనని నేనూ నమ్మాను. ఒక రాత్రి పిల్లకు జ్వరం వచ్చి మేలుకొని ఉన్నప్పుడు గమనించాను: గురక ఉన్నట్టుండి ఆగి, పది పదిహేను సెకన్లు చప్పుడే లేక, ఆ తరువాత నీళ్లలో మునిగి తేలిన మనిషిలా ఎగశ్వాస తీసుకునేవారు. తెల్లవారి అడిగితే ఆయనకు ఏమీ గుర్తు లేదు. అందుకే, మీకు మెలకువ రాలేదన్న మాటను నమ్ముకోవద్దని చెబుతున్నాను. దీనిని స్లీప్ ఆప్నియా అంటారు. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది, మెదడు ప్రతిసారీ మనిషిని కొద్దిగా లేపి ఊపిరి తీయిస్తుంది, కాబట్టి ఎనిమిది గంటలు పడుకున్నా ఆ నిద్ర ముక్కలు ముక్కలైన నిద్రే. నేను ఫోనులో తీసిన వీడియో చూసిన వెంటనే డాక్టరు, నిద్రలో ఊపిరి ఎలా ఆడుతోందో చూసే రాత్రి పరీక్షకు రాశారు. గంటకు ఐదు కన్నా తక్కువసార్లు ఊపిరి అడ్డుపడితే మామూలు, 30 దాటితే తీవ్రం. ఆయనకు 38 వచ్చింది. ఇప్పుడు గాలి ఒత్తిడితో గొంతు దారి మూసుకుపోకుండా ఉంచే సీప్యాప్ యంత్రం మాస్కు పెట్టుకుని పడుకుంటున్నారు. మొదటి వారం చాలా విసుక్కున్నారు, నెల తిరిగేసరికి పగటి కునుకు పోయింది. లావు మెడ, అదుపులోకి రాని బీపీ, పొద్దున లేవగానే తలనొప్పి మీకు ఉంటే అవి కూడా డాక్టరుకు చెప్పండి.

సమాధానం (నాగర్‌కర్నూల్ నుంచి):
నేను ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. అమ్మ చెప్పింది నిజమే, అయితే కారణం అదొక్కటే కాకపోవచ్చు. హిమోగ్లోబిన్, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్ పరీక్షలు కూడా చేయించండి. మగవారిలో హిమోగ్లోబిన్ 13 కన్నా తగ్గితే రక్తహీనతే. జలుబుకు, దురదకు వేసుకునే సెట్రిజిన్ వంటి మాత్రలు కూడా మగత తెస్తాయి, కాబట్టి వాడే మందులన్నీ వెంట తీసుకుపోండి. దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉంటే అదీ దాచవద్దు. నవ్వినప్పుడు, కోపం వచ్చినప్పుడు మోకాళ్లు సడలి కూలబడినట్టయితే అది నార్కోలెప్సీ అనే నిద్ర జబ్బు కావచ్చు, దానికి నరాల డాక్టరు కావాలి.

ఇంకొక మాట మన ప్రాంతం కాబట్టి అడుగుతున్నాను, తప్పుగా అనుకోవద్దు: దుకాణంలో కల్లు తాగే అలవాటు ఉందా? చెట్టు నుంచి దించిన కల్లు వేరు, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తు మందులు కలిపిన కల్లు వేరు. అది పగలంతా మత్తుగా ఉంచుతుంది, గొంతు కండరాలను మరింత వదులు చేస్తుంది. అలవాటైనవారు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు గనుక, మానడం కూడా డాక్టరుతో చెప్పి మెల్లగా మానాలి.

ఎప్‌వర్త్ స్కేల్ అని ఎనిమిది ప్రశ్నలుంటాయి: చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, మధ్యాహ్నం అన్నం తిని కూర్చున్నప్పుడు కునుకు పట్టే అవకాశం ఎంత అని ఒక్కొక్కదానికి 0 నుంచి 3 వరకు వేసుకోవాలి. మొత్తం 10 దాటితే డాక్టరుకు చూపించాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. కల్లు అలవాటు లేదు. స్కేల్ మీద 16 వచ్చింది. మా ఆవిడకు చెబితే, మీరు ఊపిరి బిగబట్టడం ఏడాదిగా చూస్తున్నాను, పని అలసట అనుకున్నానని కంటతడి పెట్టింది. బండి తాళం ఆమె దగ్గరే ఉంది, సోమవారం ఇద్దరం బస్సులో నల్లగొండకు పోతున్నాం. రాత్రి పరీక్ష రాస్తే ముందు ఏమైనా మానాలా?

మహబూబ్‌నగర్ నుంచి:
ఆ రోజు మధ్యాహ్నం తరువాత టీ, కాఫీ వద్దు, పగటి కునుకు తీయవద్దు. రోజూ వేసుకునే మందులు మాత్రం డాక్టరు చెప్పకుండా ఆపవద్దు. వదినను లోపలికి కూడా తీసుకువెళ్లండి అన్నా, రాత్రి ఏం జరుగుతోందో చెప్పగలిగేది ఆమే.