ఒళ్లంతా తడిసినా వేడి దిగదేం? విశాఖ ఉక్కపోత, చెమట, పరిణామం

ప్రశ్న (కైలాసగిరి_మెట్లు):
చెమట పట్టడం వల్లే మనిషి ఎండలో జంతువుల్ని అలసిపోయేదాకా తరమగలిగాడంటారు. మరి మే నెల సాయంత్రం ఆర్కే బీచ్ దగ్గర 33 డిగ్రీలే ఉన్నా చెమట ధార కడుతుంది, ఒళ్లు మాత్రం చల్లబడదు. రెంటచింతలలో 42 ఉన్నా చొక్కా ఇట్టే ఆరిపోతుంది. ఎందుకిలా? పొద్దున్న తేమ 85 శాతం ఉంటుంది కదా, పరుగుకి సాయంత్రమే నయమా?

ఆవిరి_లెక్క:
చెమట కారితే లాభం లేదండి, ఆవిరైతేనే. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడి పోతుంది. నేల మీద పడ్డ చుక్క దండగే. 60 కిలోల మనిషి 10 కిలోమీటర్లు పరుగెడితే సుమారు 600 కిలోకేలరీలు ఖర్చు, అందులో ముప్పాతికకు పైగా వేడే.

తేమ శాతం మోసం చేస్తుంది, ఆవిరి పీడనం (నీటి ఆవిరి కలిగించే ఒత్తిడి) చూడాలి. చర్మం దగ్గరికీ గాలికీ మధ్య ఈ తేడా ఎంత ఎక్కువైతే చెమట అంత త్వరగా ఆవిరవుతుంది. 35 డిగ్రీల తడి చర్మం దగ్గర అది 42 మి.మీ. (పాదరసం కొలతలో). బీచ్‌లో 33 డిగ్రీలు, 75 శాతం తేమ అంటే గాలిలో 28. తేడా 14 మాత్రమే. 42 డిగ్రీలు, 25 శాతం తేమ ఉన్నచోట గాలిలో 15, తేడా 27. (అక్కడ గాలే ఎదురు వేడెక్కిస్తుంది, అది వేరే బాధ.) పొద్దున్న 28 డిగ్రీలు, 85 శాతం ఉంటే గాలిలో 24, తేడా 18. కాబట్టి పొద్దున్నే నయం.

వేలిముద్ర:
పరిణామం సంగతి. కుక్క రొప్పి చల్లబడుతుంది, కానీ దౌడు తీసేటప్పుడు ఊపిరి అడుగుల లయకి కట్టుబడిపోతుంది కాబట్టి సరిగ్గా రొప్పలేదు. గుర్రానికీ చెమట పడుతుంది గానీ అది అపోక్రైన్ గ్రంథులది (రోమాల కుదుళ్లలోకి తెరుచుకునేవి). మనవి ఎక్రైన్ (నేరుగా చర్మం మీదికి తెరుచుకునేవి), 20 నుంచి 40 లక్షలు. చింపాంజీ చర్మం కంటే దాదాపు పది రెట్లు దట్టం. ఈ దట్టానికి ఎన్‌గ్రెయిల్డ్ 1 జన్యువును నడిపే డీఎన్‌ఏ భాగంలో మార్పులు ఒక కారణమని 2021లో తేలింది. రోమాలు మాత్రం రాలిపోలేదు, సన్నబడ్డాయంతే.

వేట కోసమే ఇదంతా వచ్చిందని మాత్రం తీర్మానించకండి. చెమట గ్రంథులు శిలాజాలుగా మిగలవు. దక్షిణ ఆఫ్రికా ప్రాంతపు కలహారి ఎడారిలో శాన్ తెగ వేటగాళ్లు మిట్టమధ్యాహ్నం జింకల్ని తరిమారన్నది నిజమే, అయితే అది పొడి నేల. సముద్రపు ఉక్కకి ఈ ఏర్పాటు అంత సరిపడదు.

ఉప్పు_చారలు:
చేయాల్సినవి చెప్తాను. పరుగుకి ముందు, తర్వాత ఒళ్లు తుడుచుకుని బట్టల్లేకుండా తూగండి. 60 కిలోలు 58.9 అయి, మధ్యలో 300 మి.లీ. తాగి ఉంటే పోయింది 1.4 లీటర్లు. అంతకు మించి మంచినీళ్లే పట్టిస్తే రక్తంలో సోడియం పడిపోతుంది. 20.5 గ్రాముల ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలోనే కలపాలి, చాలామంది గ్లాసులో పోసేస్తారు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చిటికెడు ఉప్పు వేసుకోండి, బీపీ ఉంటే డాక్టర్ని అడిగాకే.

కొత్తవాళ్లు రోజుకి 20 నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. 10–14 రోజుల్లో చెమట త్వరగా, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. మాట తడబడినా, నడక తూలినా నీడకి చేర్చి ఒళ్లంతా నీళ్లు పోసి గట్టిగా గాలి విసరండి, 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగ్గా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి.