సరిహద్దులో మామిడి లారీని ఆపితే మన రైతుకు ధర వస్తుందా?

విశ్రాంత ఉపాధ్యాయుడు, తిరుపతి (బంగారుపాళ్యం మండలంలో మూడెకరాల తోట)

2025 జూన్‌లో చిత్తూరు జిల్లా యంత్రాంగం కర్ణాటక తోతాపురి కాయ (గుజ్జు ఫ్యాక్టరీలు కొనే మామిడి రకం) జిల్లాలోకి రాకూడదని ఉత్తర్వు ఇచ్చి, సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర సిబ్బందిని కాపలా పెట్టిన సంగతి ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటుంది. గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలనీ, ప్రభుత్వం మరో 4 రూపాయలు కలిపి రైతుకు 12 రూపాయలు అందేటట్లు చూస్తుందనీ ఆ సీజనులోనే ప్రకటించారు. పక్క రాష్ట్రం కాయ చవగ్గా వచ్చి పడితే మన కాయను అడిగేవాడు ఉండడన్నది ఆ ఉత్తర్వును సమర్థించినవారి వాదన. అప్పట్లో నేనూ అది మంచి పనేననుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఎందుకో చెబుతాను, మీ అభిప్రాయాలూ రాయండి.

ఆ జూన్‌లో మా కాయతో ఒక ఫ్యాక్టరీ ముందు మూడు పగళ్ళు, మూడు రాత్రులు కాచుకున్నాను. టోకెను చేతిలో ఉంది, ముందున్న ట్రాక్టర్ల వరుస మాత్రం కదలదు. మూడో రోజుకు అడుగు కాయ మెత్తబడి, తొట్టి పలకల సందుల్లోంచి రసం కారి, టైరు కింద మన్ను తడిసిపోయింది. చివరికి కాయ దించుకుని ఒక చీటీ ఇచ్చారు. అందులో బండి నంబరు ఉంది, తూకం ఉంది, ధర రాయవలసిన గడి ఖాళీగా ఉంది. రేటు ఎంతని అడిగితే తరువాత చెబుతామన్నారు. ఆ మూడు రోజుల్లో ఆ వరుసలో నాకు కర్ణాటక బండి ఒక్కటీ కనబడలేదు. చెక్‌పోస్టు తన పని తాను చేసింది. అయినా నా చీటీలో ధర గడి ఖాళీగానే ఉండిపోయింది.

రైతు, పలమనేరు ప్రాంతం

నమస్కారం సార్. మీ బాధ మా అందరిదీ. కానీ దాని నుంచి మీరు తీసిన అర్థాన్ని ఒప్పుకోలేను. ఉన్న బండ్లకే మూడు రోజులు పట్టిన చోట బయటి బండ్లు కూడా చేరితే ఆరు రోజులు పట్టేది. వరి అయితే గాదెలో పోసుకుని ధర వచ్చేదాకా ఆగవచ్చు. కోసిన మామిడిని ఆపేవాడు ఎవడున్నాడు? అందుకే సీజనులో ఆ నాలుగు వారాలు ఫ్యాక్టరీ గేటు ముందు చోటే మాకు ఆస్తి.

ఇంకో సంగతి. ప్రభుత్వం కలిపే 4 రూపాయలు ఆంధ్ర ప్రజల డబ్బు. లక్ష టన్నులకు లెక్క వేస్తే 40 కోట్లు అవుతుంది. అక్కడ నాలుగైదు రూపాయలకు కాయ కొని, ఇక్కడి రైతు పేరున దించి, ఆ రాయితీ కూడా తీసుకోవాలని చూసే దళారులు లేరని మీరు చెప్పగలరా? ధర రాక మామిడి చెట్లను మొదళ్ళకు నరికేసుకున్న రైతులు మన జిల్లాలోనే ఉన్నారు. ముప్పై ఏళ్ళు పెంచిన చెట్టు మీద గొడ్డలి వేసినవాడికి పొరుగు రాష్ట్రం మీద జాలి చూపమని చెప్పడం నాకు చేతకాదు.

గృహిణి, చిత్తూరు (పుట్టిల్లు కర్ణాటకలోని శ్రీనివాసపురం తాలూకా, కోలారు జిల్లా)

అన్నా, మీరు దళారులని రాశారు. ఆ కాయ పండించింది దళారులు కాదు, మా అన్నదమ్ముల వంటివాళ్ళు. శ్రీనివాసపురం, ముళబాగిలు పల్లెల్లో ఇళ్ళలో మాట్లాడేది తెలుగే. అక్కడ గుజ్జు ఫ్యాక్టరీలు తక్కువ కాబట్టి కాయను చిత్తూరు వైపు తోలడం వాళ్ళకు ఏళ్ళ తరబడి అలవాటు. బండి పోనివ్వరని తెలిసి మా తమ్ముడు ఆ ఏడు సగం తోట కోయనే లేదు. కోత కూలి కూడా రాదని కాయను చెట్టు మీదే వదిలేశాడు. నేను వెళ్ళేటప్పటికి తోటంతా పులిసిన వాసన.

మన రైతులు టమాటా పెట్టెలను ముళబాగిలు దగ్గర వడ్డహళ్ళి మార్కెట్టుకూ, కోలారు మార్కెట్టుకూ తీసుకుపోయి అమ్ముకుంటారు కదా? రేపు వాళ్ళు సరిహద్దులో నంగిలి దగ్గర ఆ బండ్లను నిలబెడితే పలమనేరు రైతు ఏం చేస్తాడో మీరే చెప్పండి.

న్యాయవాది, తిరుపతి

చట్టం వైపు నుంచి ఒక్క మాట. రాజ్యాంగం 301వ అధికరణ దేశమంతటా వర్తకం స్వేచ్ఛగా సాగాలంటుంది. ప్రజాప్రయోజనం కోసం ఒక రాష్ట్రం ఆంక్షలు పెట్టాలంటే 304వ అధికరణలోని (బి) ప్రకారం శాసనసభలో చట్టం చేయాలి, ఆ బిల్లుకు రాష్ట్రపతి ముందస్తు అనుమతి ఉండాలి. కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఆ జూన్‌లో మన ముఖ్యమంత్రికి లేఖ రాసి నిషేధం ఎత్తివేయాలని కోరారు. ఆ కోరికకు చట్టపరంగా బలం ఉందని నా అభిప్రాయం.

విశ్రాంత ఉపాధ్యాయుడు, తిరుపతి

పలమనేరు తమ్ముడూ, నీ రెండు మాటల్లో ఒకటి నేను పూర్తిగా ఒప్పుకుంటాను. రాయితీ పక్కదారి పట్టే అవకాశం నిజంగానే ఉంది. కానీ ఆ డబ్బు ఎవరి కాయకు చేరాలో తేల్చడానికి ఈ-పంట నమోదు (ఏ పొలంలో ఏ రైతు ఏ పంట వేశాడో ప్రభుత్వం రాసుకునే లెక్క) ఉంది. సర్వే నంబరు, విస్తీర్ణం, చెట్లకు వచ్చే దిగుబడి అంచనా, రైతు బ్యాంకు ఖాతా, ఇవన్నీ సరిచూసి ఇస్తే శ్రీనివాసపురం కాయకు మన 4 రూపాయలు పోయే దారి మూసుకుపోతుంది. ఆ పని కష్టమైనదే. తోటను గుత్తకు తీసుకున్నవాడు కాయ తోలితే డబ్బు పట్టాదారుకు పడుతుందా, గుత్తదారుకు పడుతుందా అన్న తగాదా మా ఊళ్ళోనే వచ్చింది. అయినా ఇది కాగితం మీద సరిదిద్దుకోగల లోపం. దానికోసం రోడ్డు మూయవలసిన పని లేదు.

నన్ను ఎక్కువగా ఆలోచనలో పడవేసింది వేరే లెక్క. ఆ ఏడు కేంద్రం, ధర పడిపోయినప్పుడు రైతును ఆదుకునే మార్కెట్ జోక్యం పథకం కింద కర్ణాటకకు రెండున్నర లక్షల టన్నుల మామిడికి క్వింటాలుకు 1,616 రూపాయలనూ, మనకు 1.62 లక్షల టన్నుల తోతాపురికి క్వింటాలుకు 1,490.73 రూపాయలనూ ధరగా లెక్కకట్టింది. అంటే కిలోకు అక్కడ 16 రూపాయల పైచిలుకు, ఇక్కడ 15కు కొంచెం తక్కువ. చెక్‌పోస్టుకు అటువైపు రైతుకూ ఇటువైపు రైతుకూ గిట్టుబాటు కాలేదని రెండు రాష్ట్రాలూ, కేంద్రమూ ఒప్పుకున్నట్లే కదా. ఒకే కష్టంలో ఉన్న ఇద్దరిలో ఒకరిని రెండోవారికి శత్రువుగా నిలబెట్టాము. కాయ కొన్నవాడిని మాత్రం ధర రాసి చీటీ ఇమ్మని గట్టిగా అడగలేకపోయాము.

ఫ్యాక్టరీల వారికీ ఇబ్బందులు ఉన్నాయి, వాటిని తోసిపుచ్చను. అంతకు ముందటి ఏడు గుజ్జు డ్రమ్ములు అమ్ముడుపోకుండా గోదాముల్లో ఉండిపోయాయని వాళ్ళు అప్పుడు చెప్పారు. ఆ మాట పూత దశలోనే చెప్పి, ఈ ఏడు ఇంతే కొంటాము, ఇంతకు కొంటాము అని ఏప్రిల్‌లోనే ప్రకటిస్తే రైతు తన దారి తాను వెతుక్కుంటాడు. కొంత కాయ పచ్చిగానే ఊరగాయ వ్యాపారులకు అమ్ముతాడు, కొంత తమిళనాడులోని కృష్ణగిరి వైపు తోలుతాడు. కాయ కోసి బండికెత్తిన తరువాత చెబితే ఎవరికి ఉపయోగం? మామిడికి చట్టబద్ధమైన కనీస మద్దతు ధర లేదు కాబట్టి చీటీ మీద ధర, చెల్లించే తేదీ, తరుగు ఎంత తీశారో రాసి ఉండడమే రైతుకు మిగిలిన ఆధారం. ప్రభుత్వం కాపలా పెట్టదలచుకుంటే ఆ సిబ్బందిని ఫ్యాక్టరీ కాటా దగ్గర కూర్చోబెట్టమని అడుగుతున్నాను.

అమ్మా, మీ తమ్ముడి తోట సంగతి చదివాక మనసు బాగాలేదు. అప్పట్లో ఆ ఉత్తర్వును మెచ్చుకుంటూ నలుగురిలో మాట్లాడినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

రైతు, పలమనేరు ప్రాంతం

సార్, టమాటా సంగతి అక్క రాసినది నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. అయితే చెక్‌పోస్టు విషయంలో నా మాట మార్చుకోను. మన కాయ దిగిన తరువాతే బయటి కాయ దిగాలి.

మీరు చీటీ గురించి రాసిన తరువాత ఇంట్లో బీరువా తెరిచి నావి తీసి చూశాను. ఆ సీజనువి పద్నాలుగు చీటీలు ఉన్నాయి. పదకొండింటిలో ధర గడి ఖాళీ. తేదీ ముద్ర ఉన్నవి నాలుగే. తరుగు ఎంత తీశారో ఒక్కదానిలోనూ లేదు. మీ దగ్గర ఉన్నవి కూడా వెతికి పెట్టండి, మా ఊళ్ళో మరో ఆరుగురివి నేను తెస్తాను. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీల రోజు, అందరివీ కలిపి అక్కడ ఇద్దాము.