బోర్లా తిప్పగానే ఆక్సిజన్ పెరిగింది, మరి పీప్ ఎందుకు తగ్గించారు?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి): మా నాన్నగారికి 58 ఏళ్లు. న్యుమోనియా ముదిరి ఏఆర్‌డీఎస్‌గా (ఊపిరితిత్తులు వాచి నీరు పట్టి రక్తానికి ఆక్సిజన్ అందని స్థితిగా) మారిందని నగరంలోని ఒక ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద ఉంచారు. నిన్న బోర్లా తిప్పారు, రక్తంలో ఆక్సిజన్ 84 శాతం నుంచి 93కి వచ్చింది. ఈ రోజు మళ్ళీ వెల్లకిలా పడుకోబెడితే 89. పైగా పీప్ అనే వెంటిలేటర్ ఒత్తిడిని 14 నుంచి 10కి తగ్గించామన్నారు. ఒత్తిడి పెంచితే ఆక్సిజన్ పెరగాలి కదా? ఐసీయూలో అడిగే సమయం దొరకడం లేదు.

జవాబు (ఊపిరితిత్తుల వైద్యుడు, సికింద్రాబాద్): ముందు ఒక మాట చెప్పండమ్మా. 84 ఉన్నప్పుడు వెంటిలేటర్ ఎంత శాతం ఆక్సిజన్ ఇస్తోంది? ఇప్పుడు ఎంత? అది తెలియకుండా 89 మంచిదో చెడ్డదో చెప్పలేం.

ప్రశ్నించినవారు: అప్పుడు వంద, ఇప్పుడు అరవై అన్నారు.

వైద్యుడు: అయితే మెరుగైనట్టే. ఏఆర్‌డీఎస్‌లో మేం 88 నుంచి 95 మధ్య ఉంటే చాలనుకుంటాం.

వెల్లకిలా పడుకున్నప్పుడు ఊపిరితిత్తుల్లో ఎక్కువ భాగం వీపు వైపే ఉంటుంది. నీరు పట్టి బరువెక్కిన ఊపిరితిత్తి, దాని మీద గుండె, పొట్ట నుంచి వచ్చే ఒత్తిడి అన్నీ కలిసి అక్కడి గాలి గదులను మూసేస్తాయి. రక్తం మాత్రం ఎక్కువగా అటే పోతుంది. గాలి అందని చోటికి వెళ్లిన రక్తం ఆక్సిజన్ తీసుకోకుండానే తిరిగి వస్తుంది. దీన్నే షంట్ అంటాం. వంద శాతం ఇచ్చినా అంకె కదలనిది ఇందుకే. బోర్లా తిప్పితే గుండె బరువు రొమ్ము ఎముక మీదకు పోతుంది, వీపు వైపు గదులు తెరుచుకుంటాయి, రక్తం మునుపటిలాగే అటు వెళ్తుంది. ఇప్పుడు గాలీ రక్తమూ ఒకే చోట కలుస్తాయి.

పీప్ అంటే ఊపిరి వదిలాక కూడా లోపల మిగిల్చే ఒత్తిడి. తడి పాలిథిన్ సంచి గోడలు అతుక్కుపోకుండా కాస్త గాలి నిలిపి ఉంచినట్టు. చిక్కేమిటంటే, ఆ ఒత్తిడి మూతపడిన గదులకే కాదు, బాగున్న గదులకూ తగులుతుంది. అవి అతిగా సాగితే చుట్టూ ఉన్న సన్నటి రక్తనాళాలు నలిగి, రక్తం చెడిన భాగం వైపు మళ్ళుతుంది. గుండెకు తిరిగి వచ్చే రక్తం కూడా తగ్గి బీపీ పడిపోతుంది. 2017లో వెలువడిన ఆర్ట్ పరిశోధనలో ఊపిరితిత్తులను బలవంతంగా తెరిచి పీప్ ఎక్కువగా ఉంచినవారిలోనే మరణాలు పెరిగాయి.

ప్రశ్నించినవారు: నిన్న బీపీకి మందు పెట్టారు డాక్టర్ గారూ, ఈ రోజు తగ్గించారట. ఇంకొకటి, టేపుతో నాన్న ఎత్తు కొలిచారు. అదెందుకు?

వైద్యుడు: మంచి ఆసుపత్రే. మనిషి లావైనంత మాత్రాన ఊపిరితిత్తి పెరగదు, అది ఎత్తును బట్టి ఉంటుంది. 170 సెంటీమీటర్ల మగవారికి లెక్కించే బరువు 66 కిలోలు. కిలోకు 6 మిల్లీలీటర్ల చొప్పున ఒక్కో ఊపిరికి 400 దరిదాపుల్లో ఇస్తాం. 2000లో వచ్చిన పెద్ద పరిశోధనలో ఇలా తక్కువ గాలి ఇచ్చినవారికి మొదటి రోజుల్లో ఆక్సిజన్ తక్కువగానే ఉంది, కానీ బతికినవారు ఎక్కువ. మానిటర్ మీది అంకెను అందంగా చేయడం మా పని కాదని నేను గట్టిగా అంటున్నది అందుకే. రేపు ప్లేటూ ప్రెషర్, అంటే గాలి లోపలికి వెళ్లాక ఒక్క క్షణం ఆపి కొలిచే ఒత్తిడి, ఎంతో అడగండి. 30 దాటకుండా చూస్తారు.

ఐసీయూ నర్సు, మలక్‌పేట: మళ్ళీ బోర్లా తిప్పుతారు, కంగారు పడవద్దు. సాధారణంగా 16 గంటలైనా అలాగే ఉంచుతాం. 2013 నాటి ఫ్రెంచి పరిశోధన తర్వాత ఇది బాగా స్థిరపడింది. అందులో 28 రోజుల మరణాలు 32.8 శాతం నుంచి 16కి తగ్గాయి. ముఖం ఉబ్బుతుంది, చూడగానే గుండె జారిపోతుంది, కానీ తగ్గిపోతుంది. చెంపలు, రొమ్ము దగ్గర పుండ్లు పడకుండా ఏం చేస్తున్నారో మాత్రం తప్పక అడగండి.

మరొకరు (ఉప్పల్): మా అత్తగారికి కుడి వైపే న్యుమోనియా. ఆవిడనూ బోర్లా పడుకోబెట్టమనాలా?

వైద్యుడు: అది వేరు సంగతి. ఒక వైపే చెడితే బాగున్న వైపు కిందికి, అంటే ఎడమకు ఒత్తిగిలి పడుకోవాలి, రక్తం ఎక్కువగా కిందికే పోతుంది కాబట్టి. కుడి ఊపిరితిత్తిలో రక్తస్రావమో చీము గడ్డో ఉంటే మాత్రం కుడి వైపునే కిందికి ఉంచాలి, లేకపోతే అది మంచి వైపుకు కారుతుంది. పీప్ ఎక్కువైతే ఒక వైపు జబ్బులో నష్టమే జరగవచ్చు. ఏ పక్కకు తిప్పాలో ఎక్స్‌రే చూసిన వైద్యుడినే అడగండి.