పతకం రాదని తెలిసినా ఏషియన్ గేమ్స్‌కి అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టును పంపాలా?

ఇందూరు_పిల్లోడు:
2025 జులైలో చియాంగ్ మైలో మనమ్మాయిలు థాయ్‌లాండ్‌ని 2-1తో ఓడించి 2026 ఆసియా కప్‌కి అర్హత సాధించారు. రెండు గోల్సూ సంగీతా బస్‌ఫోర్‌వే. క్వాలిఫయర్స్ ఆడి గెలిచి ఆసియా కప్‌కి వెళ్లడం మనకిదే మొదటిసారి. మా నిజామాబాద్ సౌమ్య గుగులోత్ కూడా ఈ జట్టులో ఉంది. సంతోషమే కానీ నాకు వేరే టెన్షన్ పట్టుకుంది. 2026లోనే నాగోయాలో ఏషియన్ గేమ్స్. 'ఆసియాలో మొదటి ఎనిమిది ర్యాంకుల్లో ఉన్న జట్లనే పంపుతాం' అనే రూల్ మళ్లీ బయటికి తీస్తారేమో. 2018లో ఒలింపిక్ సంఘం ఆ మాట చెప్పే ఫుట్‌బాల్‌లో అబ్బాయిలనీ అమ్మాయిలనీ ఎవరినీ జకార్తాకి పంపలేదు. 2023లో క్రీడాశాఖ రూల్ సడలించాక హాంగ్‌జౌకి వెళ్లారు. ప్రతిసారీ ఈ దేబిరింపు ఎందుకు? పంపాలి, అంతే. మీరేమంటారు?

గోలీసోడా:
పంపండి. వెళ్లేది మన జేబులోంచి కాదుగా.

స్టాప్‌వాచ్:
మన జేబులోంచే వెళ్తుంది తమ్ముడూ, పన్ను అంటే అదే. నేను వద్దంటాను. 2014 ఇంచియాన్ ఏషియన్ గేమ్స్ చూడండి. దక్షిణ కొరియా చేతిలో 10-0, థాయ్‌లాండ్ చేతిలో 10-0. హాంగ్‌జౌలో చైనీస్ తైపీ చేతిలో 2-1, థాయ్‌లాండ్ చేతిలో 1-0. గ్రూపులో ఉన్నవి మూడే జట్లు, రెండు మ్యాచ్‌లాడి ఇంటికొచ్చేశారు. ఆ డబ్బుతో నలుగురు రన్నర్లకి ఏడాదంతా కోచింగ్ ఇప్పించొచ్చు. రూల్ అంటే అందరికీ రూలే.

లెక్కల_మాస్టారు:
ఒక చిన్న సవరణ. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో ఆడేది అండర్-23 జట్టు. కాబట్టి సీనియర్ జట్టు ర్యాంకును పట్టుకుని వాదించడమే తప్పు.

ఇందూరు_పిల్లోడు:
మాస్టారూ, అండర్-23 అబ్బాయిలకే, అదీ 2002 నుంచి. అమ్మాయిలకి వయసు పరిమితి లేదు, వచ్చేది అసలు జాతీయ జట్టే. హాంగ్‌జౌకి వెళ్లిన బాలాదేవికి 33 ఏళ్లు.

స్టాప్‌వాచ్ అన్నా, 2014లో మాల్దీవుల మీద 15-0 కొట్టాం, అది చెప్పలేదేం? పైగా నువ్వు రాసిన స్కోర్లనే వరసలో పెట్టి చూడు. అదే థాయ్‌లాండ్ 2014లో మనకి పది గోల్స్ వేసింది, 2023లో ఒకటే వేసింది. మొన్న మనమే ఓడించాం, అదీ వాళ్ల సొంత గడ్డ మీద. అప్పటికి వాళ్ల ఫిఫా ర్యాంకు 46, మనది 70. తైపీ మ్యాచ్‌లో కూడా అంజూ తమాంగ్ గోల్‌తో ముందు ఆధిక్యంలో ఉన్నది మనమే. పెద్ద జట్లతో ఆడకపోతే ఇది ఎలా వస్తుంది?

స్టాప్‌వాచ్:
మాల్దీవుల మీద 15-0 కూడా ఒక గెలుపేనా? మాల్దీవులు!

కృష్ణలంక_కుర్రోడు:
అన్నా, మాల్దీవుల మీద గెలుపు గెలుపు కాకపోతే, కొరియా చేతిలో ఓటమి ఓటమి ఎలా అవుతుంది?

స్టాప్‌వాచ్:
లాజిక్ మాట్లాడు తమ్ముడూ. ఇందూరు తమ్ముడి వరసలోనే పెద్ద చిల్లు ఉంది. 2014కీ 2023కీ మధ్యలో 2018 ఉంది. అప్పుడు పంపలేదు కదా? అయినా బాగుపడ్డారు కదా? అంటే బాగుపడింది ఏషియన్ గేమ్స్ వల్ల కాదు. 2016-17 నుంచి మహిళల లీగ్ నడుస్తోంది, క్లబ్బులు వచ్చాయి, కోచ్‌లు వచ్చారు. మీ సౌమ్య క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్‌లో ఆడి వచ్చింది. మెరుగుపడేది అక్కడ. గేమ్స్ అనేవి పరీక్ష. సిలబస్ పూర్తికాకుండా పరీక్షకి కూర్చోబెట్టి ఏం లాభం?

దక్షిణాసియా క్రీడలకి పంపండి, నాకేం అభ్యంతరం లేదు. 2010, 2016, 2019, మూడుసార్లూ స్వర్ణమే. పోఖరాలో ఫైనల్ చూశాను, బాలాదేవి రెండు గోల్స్, నేపాల్ మీద 2-0. అక్కడ మన స్థాయి ఉంది.

లెక్కల_మాస్టారు:
అది 2019 మాట. సాఫ్ టోర్నీలో (దక్షిణాసియా దేశాల ఫుట్‌బాల్ పోటీ) 2022, 2024 రెండుసార్లూ బంగ్లాదేశ్ గెలిచింది. రెండుసార్లూ మనం సెమీస్‌లో నేపాల్ చేతిలో ఓడాం, రెండోసారి పెనాల్టీల్లో. అక్కడా 'మన స్థాయి' గట్టిగా లేదు.

అన్నట్టు హాంగ్‌జౌలో అబ్బాయిల పరిమితి 23 కాదు, 24. ఏడాది వాయిదా పడింది కాబట్టి. ఇందాకటి నా సవరణకి సవరణ.

డాలస్_బావ:
ఇక్కడ మా వీధిలో ప్రతి ఆడపిల్లా సాకర్ ఆడుతుంది. మనవాళ్ల పిల్లలు కూడా. మైండ్‌సెట్ అండీ.

గోలీసోడా:
బావా, మీ వీధిలో గ్రౌండ్ ఉంది. మా వీధిలో గ్రౌండ్ అమ్మేశారు.

ఇందూరు_పిల్లోడు:
స్టాప్‌వాచ్ అన్నా, నిజం చెప్పు. ఇదే వేదికలో అథ్లెటిక్స్ వాళ్లని పంపనప్పుడు నువ్వే పేజీలు పేజీలు రాశావు. ఫుట్‌బాల్ అనగానే రూల్ గుర్తొస్తుంది. అసలు నీ కడుపు మంట ఏంటి?

స్టాప్‌వాచ్:
కడుపు మంటేనా? సరే విను. ఇంటర్ చదివేటప్పుడు రాష్ట్ర పోటీలకి జిల్లా సెలక్షన్స్, 400 మీటర్లు. మొదటి ఇద్దరినే తీసుకెళ్తామన్నారు, డబ్బుల్లేవు, రూల్ రూలే అన్నారు. నేను మూడో స్థానం, తేడా చేతి గడియారంలో కూడా సరిగ్గా కనపడలేదు. పోనీలే అనుకున్నా. వాళ్లని ఎక్కించడానికి స్టేషన్‌కి వెళ్తే అదే బోగీలో వాలీబాల్ జట్టు మొత్తం, పన్నెండు మంది! జిల్లాలో వాళ్లకి పోటీయే లేదు, ఉన్నదే ఒక్క జట్టు. 'టీమ్ గేమ్ కదా, విడగొట్టలేం' అన్నారు మాకు. అప్పటినుంచి సడలింపు అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. సడలింపు ఎప్పుడూ గట్టిగా అరిచేవాడికే దొరుకుతుంది. 2023లోనూ అంతేగా? కోచ్ స్టిమాచ్ ప్రధానికి బహిరంగంగా రాశాకే రూల్ కరిగింది.

ఒకటో_నంబర్:
రెండు రోజుల నుంచి చదువుతున్నాను. స్టాప్‌వాచ్ గారూ, మీకు జరిగింది అన్యాయమే. కానీ మీరే ఒక మాట అనేసి దాన్ని దాటేశారు. స్టిమాచ్ ఎవరి కోచ్? అబ్బాయిల కోచ్. ఆ గొడవంతా అబ్బాయిల జట్టు కోసమే నడిచింది. సడలింపు వచ్చినప్పుడు రెండు జట్లకీ వచ్చింది కాబట్టి అమ్మాయిలూ వెళ్లారు. వాళ్ల కోసం అంత గట్టిగా అరిచిందెవరు?

నేను గోల్‌కీపర్‌ని, ఇప్పుడు పీఈటీని. నేను పనిచేసిన ఒక స్కూల్లో అబ్బాయిల జట్టు రెండేళ్లు వరసగా జోనల్స్‌లో మొదటి రౌండ్‌లోనే ఓడింది. మూడో ఏడు కూడా బస్సు పెట్టారు. అదే ఏడు అమ్మాయిల జట్టుని తయారుచేశాను. పధ్నాలుగు మంది, అందులో ఐదుగురికి బూట్లు లేవు. 'వీళ్లు గెలుస్తారా మేడమ్?' అని అడిగారు. గెలవరని నిజం చెప్పాను. బస్సు ఇవ్వలేదు. అబ్బాయిల గురించి ఆ ప్రశ్న ఒక్కసారి కూడా అడగలేదు.

కృష్ణలంక_కుర్రోడు:
అబద్ధం చెప్పాల్సింది మేడమ్.

స్టాప్‌వాచ్:
మేడమ్, మీ స్కూల్ వాళ్లు చేసింది తప్పే. నేను అబ్బాయిలకి వేరే రూల్ అనలేదు. ఇద్దరికీ అదే ఎనిమిది పెట్టండి.

ఒకటో_నంబర్:
కాగితం మీద ఇద్దరికీ ఒకటేనండీ. అబ్బాయిలకి ఈ గేమ్స్ పోయినా ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఉంటుంది, టీవీ ఉంటుంది, జీతం ఉంటుంది. అమ్మాయిలకి ఏడాదిలో పెద్ద మ్యాచ్‌లు ఎన్ని? అందులోంచి రెండు తీసేసి 'ర్యాంకు తెచ్చుకుని రండి' అంటే ర్యాంకు ఎక్కడినుంచి తెస్తారు? మీరు పరీక్ష అంటున్నారు. వాళ్లకి అదే క్లాసు కూడా. సూటిగా అడుగుతున్నాను: మొదట గెలవాలి, తర్వాతే ఆడనిస్తాం. ఇదేనా మీరనేది?

స్టాప్‌వాచ్:
జాతీయ జెర్సీ విషయంలో అవును, అదే అంటున్నాను. మామీద పెట్టిన రూల్ అదే.

ఒకటో_నంబర్:
మీరు మూడో స్థానంలో వచ్చిన రోజు కూడా అదే అన్నారా?

గోలీసోడా:
...

స్టాప్‌వాచ్:
ఆ రోజు ఏమన్నానో ఇక్కడ రాయలేను మేడమ్. కానీ నా మాట మారదు.

ఇందూరు_పిల్లోడు:
అన్నా, నాగోయాకి వెళ్తే మ్యాచ్ చూస్తావా, చూడవా?

స్టాప్‌వాచ్:
చూస్తాను. అది వేరే సంగతి.

లెక్కల_మాస్టారు:
నాగోయాలో అబ్బాయిల వయసు పరిమితి మళ్లీ 23కే వస్తుందా? ఎవరైనా చెప్పండి.