పాత నోకియాలో రింగ్‌టోన్ బయటికి రావట్లేదు, ఎవరికైనా దారి తెలుసా?

నిద్రలేనివాడు:
పొద్దున్నుంచి దీంతోనే కూర్చున్నా, తల వాచిపోయింది. అమ్మ పాత నోకియాలో ఉన్న రింగ్‌టోన్ ఒకటి కొత్త ఫోన్‌లోకి రావాలి. అంతే. బయట్నుంచి ఎక్కించుకున్న పాట కాదు, ఫోన్‌తోపాటే వచ్చిన టోన్. బ్లూటూత్‌లో పంపుదామంటే ఆప్షన్స్‌లో 'సెండ్' అనేదే లేదు. కేబుల్ పెడితే కంప్యూటర్‌లో ఫోల్డర్ ఖాళీ. నెట్‌లో చెప్పినవన్నీ చేసి చూశా, ఒక్కటీ పనిచేయలేదు. కొత్త ఫోన్ మోగితే అమ్మ పక్కింటివాళ్ళదేమో అనుకుని వదిలేస్తోంది. తెలిసినవాళ్ళు కాస్త పుణ్యం కట్టుకోండి.

ఒకేమాట:
మోడల్?

జగదీష్‌మార్కెట్:
తమ్ముడూ, టోన్ సంగతి తర్వాత. ముందు బ్యాటరీ తీసి చూశావా? హైదరాబాద్ ఆబిడ్స్‌లో చాలా ఏళ్ళు కొట్టు నడిపినవాణ్ణి, చెబుతున్నా విను. అన్నేళ్ళు సొరుగులో పడి ఉన్న ఫోన్‌కి నేరుగా చార్జర్ గుచ్చకూడదు. బ్యాటరీని బల్ల మీద పడుకోబెట్టి వేలితో తిప్పు. గిర్రున తిరిగిందంటే మధ్యలో ఉబ్బినట్టే, ఇక దాన్ని వాడొద్దు. బీఎల్-5సీ రకం బ్యాటరీ అయితే మరీ జాగ్రత్త. 2007 ఆగస్టులో నోకియావాళ్ళే 4 కోట్ల 60 లక్షల బ్యాటరీల గురించి హెచ్చరిక ఇచ్చారు. మత్సుషిత కంపెనీ తయారుచేసినవి, 2005 డిసెంబరు నుంచి 2006 నవంబరు మధ్యవి. చార్జింగ్‌లో షార్ట్ అయి వేడెక్కుతాయని. ఆ నెలంతా మా కొట్టుకి వచ్చినవాళ్ళు ఫోన్ చూపించడం మానేసి బ్యాటరీ వెనక నంబరు చూపించేవాళ్ళు.

నిద్రలేనివాడు:
బ్యాటరీ బాగానే ఉందండీ, ఫోన్ ఆన్ అవుతోంది, టోన్ మోగుతోంది కూడా. దాన్ని బయటికి ఎలా తీయాలో చెప్పండి చాలు. అది లిస్టులో పైనుంచి నాలుగోదో ఐదోదో.

సింబియన్‌సుబ్బు:
చాలా సింపుల్ బ్రో. ఫోన్ లోపలి ఫైళ్ళు చూపించే ఎఫ్‌ఎక్స్‌ప్లోరర్ లేదా ఎక్స్‌ప్లోర్ యాప్ ఇన్‌స్టాల్ చెయ్. జెడ్ డ్రైవ్ కనిపిస్తుంది, అది ఫోన్ రామ్ కాదు, రోమ్. లోపల సౌండ్స్ ఫోల్డర్, దాంట్లో డిజిటల్ అనే ఫోల్డర్. టోన్లన్నీ వరసగా ఉంటాయి. చెరపడం కుదరదు గానీ కాపీ చేసుకోవచ్చు. మెమరీ కార్డులోకి కాపీ కొట్టి, కార్డు తీసి రీడర్‌లో పెట్టు. నీది నోకియా 6600 అయితే కార్డు బ్యాటరీ కింద ఉంటుంది, మైక్రో ఎస్‌డీ కాదు, ఎమ్ఎమ్‌సీ అనే పాత రకం. మామూలు ఎస్‌డీ రీడర్లలో చాలావరకు దూరుతుంది.

నిద్రలేనివాడు:
ఎఫ్‌ఎక్స్‌ప్లోరర్ ఫైల్ ఎక్కించాను. 'ఫైల్ ఫార్మాట్ నాట్ సపోర్టెడ్' అంటోంది. గంట పోయింది.

ఆరోతీగ:
ఇది 1100 లాంటి ఫోన్ అయ్యుంటుంది. అలా అయితే ఎంత వెతికినా ఫైల్ దొరకదు, ఎందుకంటే అందులో ఫైలే లేదు. మోనోఫోనిక్ ఫోన్లలో టోన్ అంటే ఫర్మ్‌వేర్‌లో, అంటే ఫోన్ లోపలి సాఫ్ట్‌వేర్‌లో, రాసిపెట్టిన స్వరాల వరస మాత్రమే. బజర్ దాన్ని ఒక్కో స్వరంగా మోగిస్తుంది. అందుకే చెవితో విని రాసుకోవడమే మార్గం. నేనైతే కంపోజర్ (సొంతంగా టోన్ రాసుకునే సదుపాయం) ఉన్న ఫోన్లలో రాసేదాన్ని: 1 నుంచి 7 దాకా స్వరాలు, 8 నొక్కితే నిడివి తగ్గుతుంది, 9 నొక్కితే పెరుగుతుంది, 0 విరామం, స్టార్ నొక్కితే స్థాయి మారుతుంది, హ్యాష్ నొక్కితే అర స్వరం పెరుగుతుంది. కాలేజీలో నోట్‌బుక్ చివరి పేజీలన్నీ ఈ అంకెలే. అసలు నోకియా ట్యూన్ కూడా స్పెయిన్ గిటారిస్టు ఫ్రాన్సిస్కో తార్రెగా 1902లో రాసిన వాల్ట్జ్‌లోని ముక్క అని ఎంతమందికి తెలుసు?

సింబియన్‌సుబ్బు:
మోనో అంటే ఒక స్పీకరు మేడమ్, రెండుంటే స్టీరియో. 6600 కూడా మోనోనే. దానికీ ఫైల్ లేకపోవడానికీ సంబంధం లేదు.

ఆరోతీగ:
మోనోఫోనిక్ వేరు, మోనో స్పీకర్ వేరు బాబూ. ఇక్కడ లెక్క స్పీకర్లది కాదు. ఒకేసారి ఎన్ని స్వరాలు మోగుతాయన్నది. 6600 పాలీఫోనిక్, ఒకేసారి చాలా స్వరాలు మోగుతాయి.

సింబియన్‌సుబ్బు:
మేం షాపులో అలాగే అనేవాళ్ళం.

జగదీష్‌మార్కెట్:
షాపులో జనం ఎమ్‌పీ3 మోగేదాన్ని కూడా పాలీ అనేవాళ్ళు, వదిలెయ్. తమ్ముడూ, బ్యాటరీ తిప్పి చూశావా లేదా?

ఒకేమాట:
డయల్ ప్యాడ్‌లో *#0000# కొట్టు. వచ్చింది ఇక్కడ రాయి.

నిద్రలేనివాడు:
మూడు లైన్లు వచ్చాయి. మూడోదాంట్లో ఆర్ఎమ్-561 అని ఉంది. ఆరోతీగగారూ, ఇది 1100 కాదండీ, కలర్ స్క్రీన్, కెమెరా ఉంది. బ్లూటూత్ ఉందని మొదట్లోనే చెప్పాగా.

ఒకేమాట:
2700 క్లాసిక్. లోపల సాఫ్ట్‌వేర్ సింబియన్ కాదు, సిరీస్ 40. ఎఫ్‌ఎక్స్‌ప్లోరర్ నడవదు.

పాతసామాను:
ఇప్పుడు విషయం దారిలో పడింది. నిద్రలేనివాడుగారూ, కేబుల్ పెట్టగానే ఫోన్ ఏ మోడ్ అని అడుగుతుంది, చూశారా? మీరు డేటా స్టోరేజ్ నొక్కి ఉంటారు. అందులో మెమరీ కార్డు మాత్రమే కంప్యూటర్‌కి కనిపిస్తుంది, ఫోన్ లోపలి మెమరీ కనిపించదు. ఫోన్‌లో కార్డు లేకపోతే ఖాళీయే.

పీసీ సూట్ మోడ్ పెట్టండి. ఫోన్‌తోపాటు వచ్చిన టోన్లు ప్రెడెఫ్‌గ్యాలరీ అనే ఫోల్డర్‌లో, దాని లోపల ప్రెడెఫ్‌టోన్స్‌లో ఉంటాయి. మామూలుగా దాచిపెట్టి ఉంటుంది. లినక్స్ అలవాటుంటే గామూ అనే ప్రోగ్రామ్‌తో ఫోన్ ఫోల్డర్లన్నీ లిస్టు చేసి, కావలసిన ఫైల్ ఒక్కటే తెచ్చుకోవచ్చు. కేబుల్ మొరాయిస్తే గామూ బ్లూటూత్ మీద కూడా మాట్లాడుతుంది. 'సెండ్' లేకపోవడం మీ ఫోన్ లోపం కాదు, కంపెనీ టోన్లను వేరే ఫోన్‌కి పంపనివ్వకుండా అలా కట్టేశారు.

నిద్రలేనివాడు:
కార్డు లేదు నిజమే! అది ఎప్పుడో తీసేశాం, చెప్పాల్సిన విషయం అనుకోలేదు. ఆఫీసులో లినక్స్ ఉంది, రేపు చూస్తా.

నిద్రలేనివాడు:
ఫైల్ దొరికింది, డాట్ మిడ్ అని ఉంది. కొత్త ఫోన్‌లో పెడితే మోగుతోంది కానీ ఇది అది కాదు! రాగం అదే, సౌండ్ వేరే. బొమ్మ పియానోలా ఉంది. అమ్మకి వినిపిస్తే 'ఇదేంటి' అంది. ఫైల్ కాపీలో చెడిపోయిందా?

ఒకేమాట:
చెడలేదు. మిడీ అంతే.

పాతసామాను:
మిడీ ఫైల్‌లో శబ్దం ఉండదండీ. ఏ వాయిద్యం, ఏ స్వరం, ఎంతసేపు, ఎంత గట్టిగా అన్న లెక్క మాత్రమే ఉంటుంది. వాయిద్యాల అసలు శబ్దాలు ఫోన్ లోపల వేరే ఉంటాయి. నోకియాలో ఒక సెట్, ఆండ్రాయిడ్‌లో సోనివాక్స్ వాళ్ళ సెట్. కృతి ఒకటే, కచేరీ వేరు. కంప్యూటర్‌లో ఎమ్‌పీ3గా మార్చినా కంప్యూటర్ సెట్టే వినిపిస్తుంది. కాబట్టి మీకు కావలసింది ఫైల్ కాదు, ఆ ఫోన్ నోట్లోంచి వచ్చే శబ్దం.

ఆరోతీగ:
నేను మొదట్లో చెప్పింది ఇదేగా, స్వరాల వరస మాత్రమే అని.

సింబియన్‌సుబ్బు:
మీరు ఫైలే లేదన్నారు మేడమ్. ఉంది కదా.

నిద్రలేనివాడు:
మీరిద్దరూ తర్వాత తేల్చుకోండి, ప్లీజ్. యూట్యూబ్‌లో ఇదే టోన్ ఒకటి ఉంది కానీ వెనకాల ఎవరిదో ఫ్యాన్ చప్పుడు. నేను కొత్త ఫోన్ పక్కన పెట్టి రికార్డ్ చేస్తే గరగరమంటోంది. ఇంక ఏం చేయాలి?

పాతసామాను:
2700కి మామూలు 3.5 మిల్లీమీటర్ల ఇయర్‌ఫోన్ హోల్ ఉంది, అదే మీ అదృష్టం. రెండు వైపులా పిన్ ఉన్న ఆక్స్ కేబుల్ కొనండి. ఒక కొస ఫోన్‌కి, రెండోది కంప్యూటర్‌కి. ల్యాప్‌టాప్‌లో ఒకటే హోల్ ఉంటే పని జరగదు, అది ఈ కేబుల్‌ని ఇయర్‌ఫోన్ అనుకుంటుంది. పాత డెస్క్‌టాప్ వెనక మూడు రంగుల హోల్స్ ఉంటాయి: పచ్చది స్పీకర్, గులాబీది మైక్, నీలంది లైన్ ఇన్. నీలంలో పెట్టండి. గులాబీలో పెడితే సౌండ్ పగిలిపోతుంది. డెస్క్‌టాప్ లేకపోతే లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు.

ఆడాసిటీ అనే రికార్డింగ్ ప్రోగ్రామ్ తెరిచి రికార్డ్ నొక్కి, ఫోన్ గ్యాలరీలోకి వెళ్ళి టోన్‌ని అక్కడ ప్లే చేయండి. వాల్యూమ్ నిండా పెట్టకండి, మూడింట రెండు వంతులు చాలు. ఆడాసిటీలో అలల పైభాగం బల్లపరుపుగా కోసినట్టు కనిపిస్తే ఇంకా తగ్గించండి. ముందూ వెనకా ఖాళీ కత్తిరించి ఎమ్‌పీ3గా ఎగుమతి చేసి, కొత్త ఫోన్‌లో రింగ్‌టోన్స్ ఫోల్డర్‌లో పడేయండి.

జగదీష్‌మార్కెట్:
రికార్డ్ చేసేటప్పుడు చార్జర్ తీసెయ్ తమ్ముడూ. ఉంచితే గుయ్యిమని మోత పడుతుంది. ఈ ఒక్కసారికి బ్యాటరీ మీదే నడిపించు. 2700లోనూ బీఎల్-5సీయే మరి.

కొత్తసభ్యుడు:
నాది నోకియా 1600 అండీ. పాలీఫోనిక్, కానీ బ్లూటూత్ లేదు, ఇయర్‌ఫోన్ హోల్ కూడా చిత్రంగా ఉంది. దానికి ఎలా?

సింబియన్‌సుబ్బు:
దానికి ఎఫ్‌బస్ అనే నోకియా డేటా కేబుల్ కావాలి. బ్యాటరీ కింద పిన్నులు ఉంటాయి చూడు.

ఆరోతీగ:
ముందు అది ఎలాంటి టోనో చెప్పండి.

నిద్రలేనివాడు:
అయింది. మా మావయ్యగారింట్లో డెస్క్‌టాప్ ఉంది, నీలం హోల్‌తో పనైపోయింది. థ్యాంక్స్ అండీ అందరికీ. మెసేజ్ టోన్ మాత్రం గ్యాలరీలో కనబడట్లేదు, అది తర్వాత చూస్తా.